కంప్యూటర్ సందేహాలు: డిస్క్ మార్చాక లేవని కంప్యూటర్

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాలుగు ఒకే కోవలోవి. పాత హార్డ్‌డిస్క్ తీసి కొత్త ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కన్నా వేగంగా పని చేసే డిస్క్) పెట్టగానే కంప్యూటర్ బూట్ కావడం, అంటే ఆన్ చేశాక విండోస్ దాకా లేవడం, మానేసిందన్నది అందరి ఫిర్యాదు. లక్షణం ఒకటే అయినా నాలుగింటి కారణాలూ వేరు కాబట్టి విడివిడిగా సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మాకు తెనాలిలో చిన్న డీటీపీ సెంటర్ ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులు చేసి ఇస్తుంటాం. 2016లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్‌లోని 1 టీబీ హార్డ్‌డిస్క్ ఎంత నెమ్మదించిందంటే, స్విచ్ వేసి ఎదురు కొట్లో టీ తాగి వచ్చినా తెర మీద చుక్కలు ఇంకా తిరుగుతూనే ఉండేవి. అందుకని 480 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ కొని, ఉచితంగా దొరికే ఒక క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌తో సి డ్రైవ్ మొత్తం అందులోకి కాపీ చేశాను. నూరు శాతం పూర్తయిందని చూపింది. పాతది తీసి అదే కేబుల్‌కు కొత్తది తగిలిస్తే నల్ల తెర మీద ‘రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్’ అని వస్తోంది. విచిత్రం ఏమిటంటే రెండూ తగిలించినప్పుడు మామూలుగానే లేస్తోంది, కొత్తదాంట్లో నా ఫైళ్లన్నీ కనిపిస్తున్నాయి కూడా. ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా వేయాల్సిందేనని ఇక్కడి షాపులో అంటున్నారు. అలా చేస్తే అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ఇన్నేళ్లుగా చేసుకున్న సెట్టింగులు మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి. వేరే దారి లేదా?

జవాబు: ఉంది. ఫార్మాట్ చేయించకండి. మీ ఎస్‌ఎస్‌డీలో విండోస్ క్షేమంగానే ఉంది, దాన్ని లేపే చిన్న భాగం మాత్రం పాత డిస్క్‌లోనే ఉండిపోయింది. రెండూ తగిలిస్తే లేస్తోందని మీరు రాసిన ఒక్క వాక్యమే ఈ సంగతిని దాదాపుగా తేల్చేస్తోంది.

కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట పని చేసేది మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉన్న ప్రోగ్రామ్. అందరం దాన్ని బయోస్ అనే అంటాం. దానికి విండోస్ అంటే ఏమిటో, సి డ్రైవ్ అంటే ఏమిటో తెలియదు. పాత పద్ధతిలో అయితే, అంటే లెగసీ పద్ధతిలో, అది డిస్క్ మొట్టమొదటి 512 బైట్లను చదివి, అక్కడ ఉన్న సూచన ప్రకారం ‘యాక్టివ్’ అని గుర్తు పెట్టిన పార్టిషన్‌కు, అంటే డిస్క్‌లోని ఒక విభాగానికి, వెళుతుంది. కొత్త పద్ధతిలో, అంటే యూఈఎఫ్‌ఐలో, ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండే ఒక చిన్న పార్టిషన్‌ను వెతికి అందులోని బూట్ ఫైల్‌ను నడుపుతుంది. లెగసీలో ఈ చిన్న పార్టిషన్ పేరు ‘సిస్టమ్ రిజర్వ్డ్’, యూఈఎఫ్‌ఐలో ‘ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్’. పరిమాణం సాధారణంగా 100 నుంచి 500 ఎంబీ. దీనికి సి, డి లాంటి అక్షరం ఉండదు కాబట్టి ‘దిస్ పీసీ’ తెరిచి చూసేవారి కంట పడదు. మీరు సాఫ్ట్‌వేర్‌కు ‘సి డ్రైవ్ కాపీ చెయ్యి’ అన్నారు, అది సి డ్రైవ్ కాపీ చేసింది. నూరు శాతం పూర్తయిందన్న మాటా నిజమే.

ఇప్పుడు రెండు డిస్కులూ తగిలించి, కంప్యూటర్ లేచాక, స్టార్ట్ బటన్ మీద రైట్‌క్లిక్ చేసి ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ తెరవండి. పాత డిస్క్ 931 జీబీగా, కొత్తది 447 జీబీగా కనిపిస్తాయి (తయారీదారు 1000తో లెక్క వేస్తాడు, విండోస్ 1024తో వేస్తుంది, తరుగు అంతకుమించి ఏమీ లేదు). ఒక్కో పార్టిషన్ కింద బ్రాకెట్లలో సన్నటి అక్షరాలతో కొన్ని మాటలుంటాయి. వాటిలో ‘సిస్టమ్’ అన్నది ఎక్కడుందో, ‘బూట్’ అన్నది ఎక్కడుందో చూడండి. ఈ రెండు పేర్లూ మనం ఊహించేదానికి తలకిందులుగా ఉంటాయి: ‘సిస్టమ్’ అంటే కంప్యూటర్‌ను లేపే ఫైళ్లున్న చోటు, ‘బూట్’ అంటే ప్రస్తుతం నడుస్తున్న విండోస్ ఫోల్డర్ ఉన్న చోటు. ఎవరు పెట్టారో గాని, అనుభవజ్ఞులైన మెకానిక్‌లు కూడా ఇక్కడ తడబడతారు. మీ విషయంలో ‘సిస్టమ్’ 931 జీబీ డిస్క్ మీదే ఉంటుంది. ‘బూట్’ కూడా దాని మీదే ఉంటే, మీరు ఇప్పటికీ పాత విండోస్‌నే వాడుతున్నారని, కొత్తదాన్ని అదనపు డ్రైవ్‌లా చూస్తున్నారని అర్థం.

అక్కడే ఉండగా మరో రెండు సంగతులు కాగితం మీద రాసుకోండి. ఒకటి, విండోస్ గుర్తున్న కీతో పాటు ఆర్ నొక్కి ‘ఎంఎస్‌ఇన్ఫో32’ అని ఇంగ్లిష్‌లో టైపు చేస్తే వచ్చే పట్టికలో ‘బయోస్ మోడ్’ ఎదురుగా లెగసీ అని ఉందా, యూఈఎఫ్‌ఐ అని ఉందా అన్నది. రెండు, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎడమవైపు డిస్క్ పేరు మీద రైట్‌క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో వాల్యూమ్స్ కింద ‘పార్టిషన్ స్టైల్’ (డిస్క్‌లోని విభాగాల పట్టికను రాసే పద్ధతి) ఎంబీఆర్ అని ఉందా, జీపీటీ అని ఉందా అన్నది, రెండు డిస్కులకూ విడివిడిగా. విండోస్ విషయంలో లెగసీకి ఎంబీఆర్, యూఈఎఫ్‌ఐకి జీపీటీ జోడు. ఈ జోడు తప్పితే మిగతా అంతా సరిగ్గా ఉన్నా కంప్యూటర్ లేవదు. 2016 నాటి అసెంబుల్డ్ యంత్రాల్లో చాలావాటికి లెగసీలోనే విండోస్ వేసేవారు. కొత్త ఎస్‌ఎస్‌డీని మొదటిసారి తగిలించినప్పుడు ‘ఎంబీఆరా, జీపీటీనా’ అని విండోస్ అడుగుతుంది. ఆ పెట్టెలో విండోస్ 10 ముందే జీపీటీకి చుక్క పెట్టి ఉంచుతుంది, మనం చదవకుండా ఓకే నొక్కేస్తాం. మీ పాతది ఎంబీఆర్, కొత్తది జీపీటీ అయి ఉంటే నాకేమీ ఆశ్చర్యం కలగదు.

ఇక బాగు చేయడం. పాత డిస్క్ ఆరోగ్యంగా ఉంటే అన్నింటికన్నా తేలికైన దారి మళ్లీ క్లోన్ చేయడమే. అయితే ఈసారి ‘పార్టిషన్ క్లోన్’ బదులు ‘డిస్క్ క్లోన్’ ఎంచుకోండి. పాత డిస్క్‌లో నిజంగా నిండిన భాగం 447 జీబీ కన్నా తక్కువైతే పార్టిషన్లను సర్ది మొత్తం ఇముడ్చుకునే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మీ డి డ్రైవ్‌లో పాత శుభలేఖల డిజైన్లే 600 జీబీ ఉంటే ఇమడదు కాబట్టి, డి దగ్గర టిక్ తీసేసి, సి తో పాటు ముందు చెప్పిన చిన్న పార్టిషన్ దగ్గర టిక్ ఉంచండి. డిస్క్ క్లోన్‌లో సాధారణంగా ఎంబీఆర్, జీపీటీ తేడా కూడా పాతదాన్ని అనుసరించే వస్తుంది, అందువల్ల బయోస్‌లో మీరు మార్చాల్సింది ఏమీ ఉండదు.

క్లోన్ పూర్తయ్యాక చేసే పొరపాటు ఒకటుంది, అది ముందే చెబుతాను: రెండు డిస్కులూ అలాగే ఉంచి లేపడం. అలా కాకుండా, కంప్యూటర్ ఆపి, పాత డిస్క్ కేబుల్ పీకి, కొత్తది ఒక్కటే ఉంచి మొదటిసారి లేపండి. ప్రతి డిస్క్‌కూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. అక్షరం పొల్లుపోకుండా క్లోన్ చేసినప్పుడు ఆ సంఖ్య కూడా కాపీ అయిపోతుంది. ఒకే సంఖ్యతో రెండు డిస్కులు కనబడితే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెడుతుంది. మనం దాన్ని చేత్తో ఆన్‌లైన్ చేస్తే కొత్త సంఖ్య వేస్తుంది, దాంతో పాత సంఖ్యను నమ్ముకున్న బూట్ ఫైళ్లు దారి తప్పుతాయి. కొత్తది ఒంటరిగా ఒకసారి సవ్యంగా లేచి, మీరు పేజ్‌మేకర్ తెరిచి ఒక పేజీ ప్రింట్ తీసి చూసుకున్నాక పాతదాన్ని పక్కన పెట్టండి. కనీసం నెల రోజులు దాన్ని చెరపవద్దు.

పాత డిస్క్ టక్కుటక్కుమని చప్పుడు చేస్తున్నా, కాపీ మధ్యలో రీడ్ ఎర్రర్లు వచ్చినా దానితో మళ్లీ గంటసేపు పని చేయించడం మంచిది కాదు. అప్పుడు కొత్త డిస్క్‌లోనే ఆ చిన్న పార్టిషన్‌ను మనం తయారు చేసుకోవాలి. కొత్తది జీపీటీ అనుకుని ఆ విధానం చెబుతున్నాను. వేరే కంప్యూటర్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద విండోస్ ఇన్‌స్టలేషన్ మీడియా తయారు చేసుకోండి. పాత డిస్క్ పూర్తిగా విప్పేయండి. బయోస్‌లోకి వెళ్లి లెగసీ లేదా సీఎస్‌ఎం అని ఉన్నదాన్ని యూఈఎఫ్‌ఐకి మార్చండి (మునుపటి విలువ రాసుకుంటే, అవసరమైతే పాత డిస్క్‌తో తిరిగి లేపుకోవచ్చు). బూట్ మెనూలో మీ పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపించవచ్చు, ముందు ‘యూఈఎఫ్‌ఐ’ అని ఉన్నదాన్నే ఎంచుకోవాలి. భాష అడిగే మొదటి తెర దగ్గర షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ తెరుచుకుంటుంది.

ఇక్కడ ఆదేశాలను ఫోన్‌లో చెప్పినట్టు తెలుగులో చెబుతున్నాను, మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేసి ఒక్కోదాని తర్వాత ఎంటర్ నొక్కాలి. మొదట ‘డిస్క్‌పార్ట్’. తర్వాత ‘లిస్ట్ డిస్క్’ అంటే డిస్కుల జాబితా వస్తుంది, అందులో 447 జీబీ ఉన్నదే మీది, చిన్నది పెన్‌డ్రైవ్. మీదాని సంఖ్య 0 అయితే ‘సెలెక్ట్ డిస్క్ 0’. ‘లిస్ట్ వాల్యూమ్’ అని చూసి, విండోస్ ఉన్న పెద్ద వాల్యూమ్ సంఖ్యతో ‘సెలెక్ట్ వాల్యూమ్’ అనాలి. ‘ష్రింక్ డిజైర్డ్=300’ అంటే దాని చివర 300 ఎంబీ ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలో ‘క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్‌ఐ సైజ్=200’, ‘ఫార్మాట్ క్విక్ ఎఫ్‌ఎస్=ఫ్యాట్32’, ‘అసైన్ లెటర్=ఎస్’, చివరికి ‘ఎగ్జిట్’. డిస్క్‌పార్ట్‌లో ‘క్లీన్’ అని ఒక ఆదేశం ఉంది. నిజంగానా అని కూడా అడగకుండా పార్టిషన్లన్నీ తుడిచేస్తుంది. పక్కవారు చెప్పినా దాని జోలికి వెళ్లకండి. చాలా ఏళ్ల కిందట రాత్రి పొద్దుపోయాక ఒక మిత్రుడి యంత్రం బాగు చేస్తూ, సంఖ్య చూసుకోకుండా నేనే ఆ మాట కొట్టి, తెల్లవార్లూ అతని పిల్లల ఫొటోలను రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఏరుకున్నాను. అప్పటి నుంచి బాగు చేసే డిస్క్ ఒక్కటే తగిలించి ఉంచడం అలవాటు చేసుకున్నాను.

ఇప్పుడు అసలు ఆదేశం: ‘బీసీడీబూట్’ అని రాసి, ఖాళీ వదిలి, విండోస్ ఫోల్డర్ దారి, అంటే సి, కోలన్, బ్యాక్‌స్లాష్, విండోస్ అని రాయాలి. మళ్లీ ఖాళీ వదిలి స్లాష్ ఎస్, ఖాళీ, ఎస్ కోలన్, ఖాళీ, స్లాష్ ఎఫ్, ఖాళీ, యూఈఎఫ్‌ఐ. పెన్‌డ్రైవ్‌తో లేపినప్పుడు అక్షరాలు తారుమారై, మీ సి డ్రైవ్ డి గానో ఇ గానో కనిపించవచ్చు. అందుకే ముందు ‘డిఐఆర్’ ఖాళీ ‘సి కోలన్’ అని కొట్టి, విండోస్, యూజర్స్ ఫోల్డర్లు కనబడ్డాయో లేదో చూసుకుని, కనబడిన అక్షరాన్నే వాడండి. ‘బూట్ ఫైల్స్ సక్సెస్‌ఫుల్లీ క్రియేటెడ్’ అని వస్తే పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేయండి.

కొత్త డిస్క్ ఎంబీఆర్‌గా ఉండి బయోస్ లెగసీలో ఉంటే ఇదే ఆదేశంలో చివరి మాట ‘బయోస్’ అవుతుంది, ‘ఎస్ కోలన్’ బదులు సి పార్టిషన్ అక్షరమే రాయాలి, ఈఎఫ్‌ఐ పార్టిషన్ అక్కరలేదు, సి పార్టిషన్‌ను డిస్క్‌పార్ట్‌లో ఎంచుకుని ‘యాక్టివ్’ అని కొడితే దాని మీదే బూట్ ఫైళ్లు పెట్టుకోవచ్చు.

బయోస్ జాబితాలో ఎస్‌ఎస్‌డీ పేరే కనబడకపోతే మాత్రం పైన చెప్పిందంతా పక్కన పెట్టి డేటా కేబుల్ మార్చి చూడండి.

ప్రశ్న: కరీంనగర్‌లో మా ఇంటి డెస్క్‌టాప్‌కు షాపులో ఎస్‌ఎస్‌డీ వేయించాం. గడియారం రోజూ వెనక్కి పోతోందంటే మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ కూడా మార్చారు. ఇంటికి తెచ్చాక విండోస్ గుర్తు వచ్చి, చుక్కలు రెండు చుట్లు తిరిగి, నీలి తెర మీద ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’ అంటోంది. ఎస్‌ఎస్‌డీ పాడైందని, ఇంకొకటి కొనమని అంటున్నారు.

జవాబు: ఎస్‌ఎస్‌డీని అనుమానించే ముందు బ్యాటరీని గుర్తు చేసుకోండి. విండోస్ గుర్తు వచ్చి చుక్కలు తిరిగాయంటే బయోస్ ఎస్‌ఎస్‌డీని చదవగలిగింది, అందులోని బూట్ ఫైళ్లు కూడా పని చేశాయి. ఆ తర్వాత విండోస్ తన సొంత డ్రైవర్‌తో డిస్క్‌ను పట్టుకోబోతే అందలేదు. నీలి తెర చెబుతున్నది అదే.

ఆ చిన్న బ్యాటరీ సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల. అది గడియారాన్ని నడపడమే కాక, చాలా మదర్‌బోర్డుల్లో బయోస్ సెట్టింగులను కూడా నిలబెడుతుంది. దాన్ని తీసినప్పుడు సెట్టింగులు కంపెనీ ఇచ్చిన మొదటి విలువలకు తిరిగి పోతాయి. వాటిలో ‘సాటా మోడ్’, అంటే మదర్‌బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, ఒకటి. మీ విండోస్ వేసిన రోజున అది ఏహెచ్‌సీఐలో ఉండి ఇప్పుడు రెయిడ్ లేదా ఐడీఈ అయి ఉంటే, లేదా అటుది ఇటైతే, విండోస్ తనకు అలవాటైన డ్రైవర్‌తో తలుపు తడుతుంది, లోపల పలికేవారు ఉండరు. బయోస్‌లోకి వెళ్లి సాటా మోడ్‌ను మార్చి, సేవ్ చేసి, రీస్టార్ట్ చేసి చూడండి. ఉన్నవి రెండు మూడు ఎంపికలే కాబట్టి ఒక్కోటీ ప్రయత్నించడానికి ఐదు నిమిషాలు చాలు, డేటాకు ప్రమాదం లేదు. అయితే మీ ఇంట్లో నిజంగానే రెండు మూడు డిస్కులు కలిపి రెయిడ్‌గా కట్టుకున్న యంత్రమైతే ఇలా చేయకూడదు. ఇంటి కంప్యూటర్లలో అది అరుదు.

సరైన మోడ్ దొరికి లేచాక, ఏహెచ్‌సీఐకి మారాలనుకుంటే, ముందు ‘ఎంఎస్‌కాన్ఫిగ్’ తెరిచి బూట్ అన్న చోట ‘సేఫ్ బూట్’ టిక్ పెట్టి, రీస్టార్ట్ అవుతుండగా బయోస్‌లో మోడ్ మార్చండి. సేఫ్ మోడ్‌లో విండోస్ మౌలికమైన డిస్క్ డ్రైవర్లను లోడ్ చేసుకుని కొత్త మోడ్‌ను గుర్తిస్తుంది. తర్వాత ఆ టిక్ తీసేయాలి. మరచిపోతే ప్రతిసారీ సేఫ్ మోడ్‌లోనే లేస్తుంది, మళ్లీ నాకు రాయాల్సి వస్తుంది.

ప్రశ్న: దుబాయ్‌లో ఉండే అన్నయ్య ఎం.2 ఎస్‌ఎస్‌డీ పంపాడు. మా పాత ల్యాప్‌టాప్ స్లాట్‌లో సరిగ్గా కూర్చుంది, స్క్రూ కూడా బిగిసింది. కానీ బయోస్‌లో ఎక్కడా కనబడదు. (అనంతపురం)

జవాబు: ఎం.2 అన్నది ఆకారం పేరు మాత్రమే. ఆ ఆకారంలో సాటా భాష మాట్లాడేవీ ఉన్నాయి, ఎన్‌వీఎంఈ భాష మాట్లాడేవీ ఉన్నాయి. కొన్ని స్లాట్లకు రెండూ వస్తాయి, కొన్నింటికి ఒక్కటే వస్తుంది. అన్నయ్య పంపిన దాని బంగారు రంగు పళ్ల వరుసను చూడండి. ఒకే గాటు ఉంటే సాధారణంగా ఎన్‌వీఎంఈ, రెండు గాట్లుంటే ఎక్కువగా సాటా. దాని లేబుల్ చదివి, మీ ల్యాప్‌టాప్ మోడల్ మాన్యువల్‌లో ఆ స్లాట్ దేనిని తీసుకుంటుందో సరిపోల్చండి. పొసగకపోతే దాన్ని యూఎస్‌బీ డబ్బాలో పెట్టి బయటి డ్రైవ్‌గా వాడుకోవడమే మంచిది, అయితే డబ్బా కూడా ఆ రకానికి సరిపడేదే కొనాలి.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ డిస్క్‌ను పెద్ద ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేసి మార్చాను. ఇప్పుడు నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతోంది. నేను ఎప్పుడూ ఏ తాళమూ పెట్టలేదు. పాత డిస్క్ నా దగ్గరే ఉంది. (వరంగల్)

జవాబు: తాళం మీరు పెట్టలేదు, విండోస్ పెట్టింది. ఈమధ్య ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదటిసారి సైన్ ఇన్ కాగానే డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలవుతుంది. దాని తాళం చెవి మదర్‌బోర్డు మీది టీపీఎం చిప్‌లో ఉంటుంది. డిస్క్ మారినా, బయోస్ సెట్టింగులు మారినా ఎవరో విప్పారని అనుమానించి ఆ చిప్ చెవిని ఇవ్వదు, అప్పుడు 48 అంకెలు అడుగుతుంది. ఆ అంకెలు మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే ఉండే అవకాశం ఎక్కువ. ఫోన్‌లోనైనా సరే బ్రౌజర్‌లో ఆ ఖాతాతోనే సైన్ ఇన్ అయి, డివైసెస్ కింద ‘బిట్‌లాకర్ రికవరీ కీస్’ చూడండి (బిట్‌లాకర్ అన్నది విండోస్‌లో ఈ ఎన్‌క్రిప్షన్ పేరు). ఒకటికి మించి ఉంటే, నీలి తెర మీద కనిపించే కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలు దేనితో కలుస్తాయో అదే మీది.

ల్యాప్‌టాప్ కొన్న రోజున షాపులో అబ్బాయి ఏదో ఖాతా తెరిచి ఇచ్చి, దాని పాస్‌వర్డ్ మీకు గుర్తు లేకపోయినా కంగారు పడకండి, పాత డిస్క్ ఉందన్నారు కదా. దాన్ని అదే ల్యాప్‌టాప్‌లో తిరిగి పెట్టి, బయోస్‌లో ఏమైనా మార్చి ఉంటే వెనక్కి పెట్టి లేపండి. మామూలుగా లేస్తే, అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘మేనేజ్-బీడీఈ’, ఖాళీ, ‘-ప్రొటెక్టర్స్’, ఖాళీ, ‘-గెట్’, ఖాళీ, ‘సి కోలన్’ అని టైపు చేస్తే 48 అంకెలూ తెర మీద కనిపిస్తాయి. ఫొటో తీసి ఊరుకోకుండా కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. తర్వాత సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆపేసి, అది పూర్తిగా విప్పుకునే దాకా ఆగి (డిస్క్ నిండుగా ఉంటే గంటలు పట్టవచ్చు), అప్పుడు మళ్లీ క్లోన్ చేయండి. కొత్త డిస్క్ సవ్యంగా లేచాక ఎన్‌క్రిప్షన్ తిరిగి పెట్టుకోవచ్చు, అప్పుడు కొత్త కీ వస్తుంది కాబట్టి బీరువాలో కాగితం మార్చాలి. కీ లేకుండానే తెరిచి ఇస్తామని ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వకండి. కీ లేని బిట్‌లాకర్ డిస్క్‌లోని సమాచారాన్ని తెరవడం ఏ షాపు వల్లా కాదు. వారు చేయగలిగేది దాన్ని ఫార్మాట్ చేసి ఇవ్వడమే.